మీకు తెలుసా? పురుగు ఆకలి గుట్టు

పత్తికాయలోకి తల దూర్చి, ఒళ్లు బయటపెట్టి తినే శనగపచ్చ పురుగు పెదకాకాని రైతుకు కొత్త కాదు. ఇలాంటి గొంగళిపురుగులను పిల్లదశలో ఉంచేది జువెనైల్ హార్మోన్. ఒక ఎస్టరేజ్ ఎంజైమ్ దాన్ని విరిచేస్తే పురుగు తిండి మాని ప్యూపా దశకు సిద్ధమవుతుంది. మరి ఆ ఎంజైమ్‌నే ముందుగా ఎక్కిస్తే? 1990లో అమెరికాలో శాస్త్రవేత్త బ్రూస్ హామక్ బృందం దాని జన్యువును పురుగులకు సోకే బాక్యులోవైరస్‌లో పెట్టి చూసింది. తొలిదశ పిల్లపురుగులు తిండి తగ్గించాయి గానీ, ఆ ప్రభావం పరిమితమే! ఎందుకంటే పురుగు గుండెగొట్టం చుట్టూ ఉండే పెరికార్డియల్ కణాలు రక్తంలోని ఎంజైమ్‌ను లోపలికి లాక్కుని లైసోజోముల్లో అరిగించేస్తాయి. తర్వాత ఎంజైమ్‌లోని రెండు లైసిన్ అమైనో ఆమ్లాలను ఆర్జినిన్లుగా మార్చి ఆ అరుగుదలకు అడ్డుకట్ట వేయజూశారు. మన చేలల్లో చల్లే ఎన్‌పీవీ కూడా బాక్యులోవైరసే, కానీ జన్యువు మార్చని సహజ వైరస్. ఎండకు దాని శక్తి పోతుంది, సాయంత్రమే చల్లండి.