చెప్పేది పెంచుతానని.. చేసేది తగ్గింపు!

పోకెమాన్ ఆటలో 'ఫోకస్ ఎనర్జీ' వాడితే గట్టి దెబ్బ పడే అవకాశం పెరగాలి. 1996లో జపాన్‌లో వచ్చిన రెడ్, గ్రీన్ ఆటల్లో మాత్రం అంతా రివర్స్! నాలుగింతలు కావాల్సింది నాలుగో వంతుకు పడిపోతుంది. ప్రోగ్రాంలో గుణించాల్సిన చోట భాగించారు మరి. నమ్మి వాడినోళ్లకు నష్టమే.

అభిమానులే రాసి, దిద్దే 'బల్బపీడియా' వికీలో ఈ రెండు సంగతులూ ఉంటాయి.. ఏం జరగాలో, అసలేం జరుగుతోందో. 'నేను ఆడి చూశా' అంటే ఇక్కడ చాలదు. గట్టి దెబ్బ అదృష్టాన్ని బట్టి పడేది. పదిసార్లు ఆడినా లెక్క తేలదు. ప్రోగ్రాం విప్పి చూడాల్సిందే.

ఇంకో చిక్కుంది. 1999లో వచ్చిన గోల్డ్, సిల్వర్‌లలో ఈ తప్పు సరిచేశారు. కొత్త ఆట ఆడినోళ్లు వచ్చి పాత లెక్క తప్పని కొట్టేస్తే ఎలా? అందుకే ఒకే పేజీలో ఏ తరం ఆటకు ఏ లెక్కో విడివిడిగా రాస్తున్నారు.