ఓడలు బండలగును

ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అన్న సామెతను ముప్ఫై ఏండ్ల ఉపాధ్యాయ వృత్తిలో ఎన్నిమారులు చెప్పి ఉంటానో లెక్కలేదు. కలిమిలేములు నిలకడలేనివని దాని తాత్పర్యం. ఓడ బండి కావడం నేనెన్నడూ చూచి ఎరుగను. ఓడ బండ కావడం మాత్రం లోకంలో నిజంగానే జరుగుతుందని రాంబిల్లి తీరాన ఒక వృద్ధ జాలరి నోట విన్న తరువాతనే నాకు తెలిసినది.

గత శీతకాలంలో కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని అనకాపల్లి జిల్లాలోని ఆ తీరానికి వెళ్ళినాను. శారద నది సముద్రాన్ని చేరే ప్రాంతమది. ఇసుకలో తెప్పల నీడన కూర్చుండి ఆ పెద్దాయన వల బాగుచేసుకుంటున్నాడు. మా పిల్లవాడొకడు, "తాతా, చేపలు ఎక్కువగా ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగినాడు. ఆయన తలెత్తకుండానే, "వల ఎక్కడ చిరుగుద్దో అక్కడ దొరుకుతాయి నాయనా" అన్నాడు. మాకు బోధపడలేదు. అప్పుడు వల పక్కన పెట్టి వివరించినాడు. "అడుగున బండుంటాది. బండకు వల తగిలిందంటే పీలికలే. మరి గేలం ఏస్తే బొంతలు పడతాయి, పారలు పడతాయి. బండే ఉండక్కర్నేదు మాస్టారూ, మునిగిన పడవున్నా అంతే. కొన్నాళ్ళకి అదీ బండే అయిపోద్ది."

చివరిమాట నన్ను పట్టుకొన్నది. తిరిగి వచ్చిన తరువాత ఈ సంగతిని గురించి దొరికినవన్నీ చదివినాను. తెలుగు పంతులుకు ఈ చాపల్యమెందుకని పాఠకులు నవ్వుకొనవచ్చును గాని, ఆ వృద్ధుడు ఒక్క వాక్యంలో చెప్పినదాని మీద ప్రపంచంలో పెద్ద శాస్త్రమే పెరిగియున్నది.

మన ఉత్తరాంధ్ర తీరంలో సముద్రపుటడుగు చాలవరకు ఇసుక, ఒండ్రు. నదులు తెచ్చిపోసే మన్ను, మంచినీరు పగడపు పురుగుకు సరిపడవు. అందుచేత అండమాను దీవులలోను, లక్షదీవులలోను ఉన్నట్టి పగడపు దిబ్బలు మనకు లేవు. ఇసుక నిత్యం కదులుతూ ఉంటుంది. దానిని అంటిపెట్టుకొని బ్రతకడం ఏ జీవికీ సాధ్యం కాదు. సముద్రంలో ఎన్నో ప్రాణుల శిశువులు కంటికి కనబడనంత చిన్నవై నీటిలో కొట్టుకొనిపోతూ, కాలూనడానికి గట్టిచోటు కోసం వెదకుతుంటవి. దొరకకపోతే నశిస్తవి. అట్టిచోట ఒక ఓడ మునిగినదనుకొందాము. మనకది నష్టం. ఆ శిశువులకు మాత్రం ఎడారిలో సత్రం వెలసినట్లే.

మొట్టమొదట ఇనుము మీద సూక్ష్మజీవులు పలుచని జిగురుపొర కడతవి. ఆ జిగురు మీద రాతికి అంటుకొనే గుల్లజీవులు, గొట్టాలు కట్టుకొనే పురుగులు, నాచు చేరతవి. ఆపైన ఆల్చిప్పలు, స్పంజికలు, మెత్తని పగడాలు వస్తవి. వీనిని తినడానికి పీతలు, నక్షత్ర చేపలు. ఆ పీతలను తినడానికి పెద్ద చేపలు. చిన్నచేపలకు ఓడ గదులలో దాగుకొనే తావున్నది. కెరటాల క్రింది ప్రవాహం ఓడ పక్కకు తగిలి పైకి లేచినపుడు దానివెంట ఆహారపు నలుసులు లేచి వస్తవి. వానికోసం కవళ్ళు, కానగంతలు గుంపులు కడతవి. వానివెంట వంజరం వస్తుంది. 2004 మార్చి 27న ఇంగ్లండులో కార్న్‌వాల్ తీరాన స్కిల్లా అనే పాత యుద్ధనౌకను బుద్ధిపూర్వకంగా ముంచి, ఆ నాటినుండి గజఈతగాళ్ళు దిగి ఏది ముందు వచ్చినది, ఏది వెనుక వచ్చినది వ్రాసిపెట్టినారు. ఇనుపగోడకు ప్రాణం పట్టడానికి ఏండ్లు పట్టలేదు, వారాలే చాలినవి.

ఈ కథ చదువుతున్నపుడు నాకు మైనాకుడు గుర్తుకు వచ్చినాడు. ఇంద్రుడు పర్వతాల రెక్కలు నరుకుతున్న వేళ సముద్రుడు మైనాకుని తన కడుపులో దాచినాడు. ఆ కృతజ్ఞతతో, లంకకు ఎగిరిపోతున్న హనుమంతునికి ఆ కొండ పైకి లేచి విశ్రాంతి నిచ్చెదనన్నది. రెక్కలు పోగొట్టుకొనక దాగిన కొండ ఒకటి, రెక్కలు విరిగి మునిగిన ఓడ ఒకటి. రెండూ దారినపోయే ప్రాణులకు మజిలీలే. మా తరగతిలో ఈ పోలిక చెప్పినపుడు ఒక విద్యార్థిని, "హనుమంతుడు అక్కడ ఆగలేదు గదా మాస్టారూ" అన్నది. నిజమే. చేతితో తాకి ముందుకు సాగినాడు. చేపలు మాత్రం ఆగుతవి.

చేపల పేరెత్తినాను గనుక ఒక్క పక్కమాట. ఈస్టిండియా కంపెనీ కొలువులో పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణంలో కొంతకాలమున్నాడు. అక్కడి జాలరులు తెచ్చిన చేపలను పరిశీలించి, బొమ్మలు వేయించి, రెండువందల చేపల గ్రంథాన్ని 1803లో లండనులో ప్రకటించినాడు. ఆయన చేసిన మేలేమనగా, చేపలకు మన జాలరులు పలికే తెలుగు పేర్లనే వ్రాసికొన్నాడు. ఆ పేర్లలో 'కనగుర్త'ను ఫ్రెంచి పండితుడు కువియే 1816లో శాస్త్రీయ నామంలో చేర్చినాడు. నేటికీ ప్రపంచమంతటా కానగంత శాస్త్రనామం 'రాస్ట్రెల్లిజర్ కనగుర్త'యే. లాటిను పదం పక్కన మన రేవు మాట కూర్చుండి ఉన్నది. జీవశాస్త్రం చెప్పే అయ్యవార్లు ఈ సంగతి పిల్లలకు చెప్పినారో లేదో నాకు తెలియదు. చెప్పకపోతే రేపే చెప్పవలసినది.

ఇక నీటిలోకి దిగడం. వీపున గాలిబుడ్డి కట్టుకొని స్వేచ్ఛగా తిరిగే సాధనాన్ని 1943లో ఫ్రాన్సులో జాక్ కూస్తో, ఎమీల్ గాన్యా అను ఇద్దరు సిద్ధం చేసినారు. ఆ బుడ్డిలో ఉండేది ప్రాణవాయువని చాలమంది భ్రమ. కాదు, మనం పీల్చే మామూలు గాలియే, గట్టిగా అదిమి నింపినది. నేర్పంతా ఆ గాలిని, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపడే ఒత్తిడితో నోటికి అందించే కవాటంలో ఉన్నది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణపు ఒత్తిడి పెరుగుతుంది. ఉపరితలంలో నింపి మూతికట్టిన బుడగ 10 మీటర్ల లోతున సగమైపోతుంది. లోతున నింపిన ఊపిరిని బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిట్లవచ్చును. కనుక దిగేవారికి మొదటి పాఠం, ఊపిరి ఎన్నడూ బిగబట్టవద్దన్నది. రెండవది తొందరపడి పైకి రావద్దన్నది. ఒత్తిడిలో నత్రజని రక్తంలో కరుగుతుంది. గోలీసోడా గోలీని నొక్కినపుడు బుడగలు పొంగినట్లు, వేగంగా పైకి వచ్చినవాని ఒంటిలో ఆ వాయువు బుడగలు కడుతుంది.

ఇన్ని తెలిసికొని కూడా ఒకనాడు నేను రుషికొండ దగ్గర దిగబోయినాను. ఏబదియైదేండ్ల వయసులో అది సాహసమో అవివేకమో మా ఇంటిలో ఇంకా తేలలేదు. నాలుగు మీటర్లు దిగేసరికి చెవులలో పోటు పుట్టినది. ముక్కు మూసి గాలి ఊదమని నేర్పినారు గాని నాకు పట్టుబడలేదు. వ్రేలు పైకి చూపి వచ్చివేసినాను. అంతలోనే చూచినదేమనగా, శిక్షకుని ఎర్రని చేతితొడుగు లోతుకు పోయినకొద్దీ రంగు తగ్గుతూ వచ్చినది. నీరు మొట్టమొదట హరించేది ఎరుపునే. పది పదిహేను మీటర్ల క్రింద లోకమంతా నీలిపచ్చనే. దీపం వేసినపుడు మాత్రం, గోధుమరంగుగా కనబడిన స్పంజిక కుంకుమవలె వెలిగిపోతుందని మా పూర్వవిద్యార్థి ఒకడు, ఈత శిక్షణ పొందినవాడు, చెప్పినాడు. అతడు జాలరి బిడ్డడే.

విశాఖ సముద్రంలో మునిగిన నౌకలు లేకపోలేదు. 1944 ఫిబ్రవరి 11న జపాను జలాంతర్గామి ఆర్‌ఓ-110 ఇక్కడనే మునిగినది. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ తనలోని 93 మందితో పాటు మునిగినది. మునిగిన కారణం గూర్చి ఉభయదేశాలు చెప్పే మాటలు వేరు. తేలివచ్చిన ఆనవాళ్ళను ముందుగా చూచినది జాలరులే. తరువాత నిస్తార్ నౌకనుండి మన గజఈతగాళ్ళు దిగి అది ఘాజీయేనని నిర్ధారించినారు. శత్రువులదైనా అది సమాధి. అక్కడ కూడా గుల్లజీవులు, బొంతలు కాపురం పెట్టియుంటవనడంలో సందేహం లేదు. అయినను అది వినోదయాత్రకు తగిన తావు కాదని నా అభిప్రాయం.

వినోదానికై ముంచే ఓడలు వేరు. అమెరికాలో ఫ్లారిడా దగ్గర 2006 మే 17న ఒరిస్కనీ అనే విమానవాహక నౌకను ముంచినారు. 271 మీటర్ల పొడవుగల ఆ నౌక 37 నిమిషాలలో మునిగినది. ముంచడమంటే తూటు పొడిచి వదలడం కాదు. చమురు తుడవవలె, విషపు రంగులు, తీగలు, రాతినార తీసివేయవలె, ఈదేవారు చిక్కుకొనకుండ గోడలకు దారులు కోయవలె. ఆ శ్రమకు వెనుదీసి పారవేసినది చెత్త అవుతుంది గాని ఇల్లు కాదు. అదే ఫ్లారిడాలో 1972 ప్రాంతాన సుమారు 20 లక్షల పాత టైర్లు కట్టలుకట్టి చేపల కోసమని సముద్రంలో వేసినారు. కట్లు తెగినవి. టైర్లు కెరటాలకు దొర్లి పక్కనున్న సహజమైన పగడపు దిబ్బను మోదినవి. వానిని ఏరడం దశాబ్దాల పని అయినది. మన దేశంలో 1985లో నౌకాదళంలో చేరి 2024 జనవరిలో సేవ విరమించిన గుల్దార్ నౌకను, సింధుదుర్గ జిల్లా నివతి వద్ద ముంచదలచి, 2025లో మహారాష్ట్ర పర్యాటక సంస్థకు అప్పగించినారు.

మన తీరంలో ఇట్టిది రావలెనా? పండితులలో ఒక తగవున్నది. కృత్రిమపు దిబ్బ చేపలను పుట్టిస్తుందా, లేక దూరదూరంగా ఉన్నవానిని ఒకచోట చేరుస్తుందా? చేర్చేదే నిజమైతే, అక్కడ వల విసిరేవాడు ఉన్న సంపదను త్వరగా ఊడ్చివేస్తాడు. పుట్టించేదైతే ఓపిక పట్టినవానికి లాభం. రెండూ కొంత కొంత నిజమనీ, అక్కడ వేట ఎవరు, ఎంత చేస్తారన్న దానిపైననే ఫలితం ఆధారపడుననీ నాకు తోచినది. చిన్నపడవలవారికి ఇందులో ఒక మేలున్నది. 1994 చట్టం ప్రకారం తీరానికి 8 కిలోమీటర్ల లోపలి నీరు సంప్రదాయ పడవలది. మరయంత్రపు పడవలు అడుగు గీచే వలలతో ఆ హద్దు దాటి వస్తవన్నది రేవులలో పాతగోడు. అడుగున ఇనుమో రాయో ఉంటే ఆ వలలు అక్కడికి రావు. కాగితం మీది చట్టానికి బండ కాపలా కాస్తుంది. గేలంవానికి మాత్రం బండతో పేచీ లేదు.

ఈ మాట ఆ వృద్ధునికి చెప్పాలని మరల రాంబిల్లి వెళ్ళినాను. నౌకాదళ స్థావర నిర్మాణం మొదలయిన తరువాత ఆ తీరం రూపు మారినది. వేట తావులు తగ్గునేమోనన్న చింత ఆయన మాటలలో ఉన్నది. ఓడను ముంచే సంగతి అంతా శ్రద్ధగా విన్నాడు. "మంచిదే బాబూ. మరి ఏ తావున ముంచాలో మమ్మల్ని అడుగుతారేటి? చేపొచ్చే దారి మాకు తెలుసు. ముంచాక మా పడవల్ని అటు రానిస్తారా, నీళ్ళల్లో సరదాగా తిరిగేవోళ్ళకే ఇస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

మాటమార్చడానికి, ఆయన బండ ఎక్కడ ఉన్నదని అడిగినాను. నడిసముద్రంలో జాలరులు చోటు గుర్తించే పద్ధతి రేఖాగణితం చెప్పే ఉపాధ్యాయులు వినదగినది. ఒడ్డునున్న రెండు గురుతులు ఒకదాని వెనుక ఒకటి వచ్చేటట్లు పడవను నిలిపితే ఒక గీత. మరి రెండు గురుతులతో మరొక గీత. రెండు గీతలు కలిసిన చోట బండ. ఆయన చేయి చాచి ఒక తాటిచెట్టును, దానివెనుక కొండకొనను చూపినాడు. రెండవ గీత ఏదని మా పిల్లవాడు అడిగినాడు. ఆయన నవ్వి, వల చేతికి తీసుకొన్నాడు.