వికెట్ మాతృభాష ఏది?

వికెట్ అనగానే మన ఇళ్ళల్లో ఎవరికైనా గుర్తుకొచ్చేది క్రికెట్టే. నేను చెప్పబోయే వికెట్ మాత్రం మూడడుగుల ఎత్తున, ఒళ్ళంతా బొచ్చుతో, తలకి తోలు ముసుగు చుట్టుకుని, ఈటె పట్టుకు తిరిగే ఒక బుల్లి అడవిమనిషి. చూడ్డానికి ఎలుగుబంటి పిల్లలా ఉంటాడు. పూర్తి పేరు వికెట్ డబ్ల్యు. వారిక్. ఉండేది మన భూమి మీద కాదు, ఎండోర్ అనే చోట. మా ఇంటికి అతను 1997లో ఒక వీడియో క్యాసెట్టులో వచ్చాడు.

మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు. ఆ ఏడు సంక్రాంతికి బరంపురం వచ్చినప్పుడు నాలుగేళ్ళ మా అమ్మాయి కోసం ‘ఈవాక్స్’ అనే కార్టూను క్యాసెట్టు తెచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక, అద్దెకు తెచ్చిన వి.సి.పి.లో దాన్ని పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నాం. అమెరికా వాళ్ళ వీడియో పద్ధతి వేరు, మనది వేరు అన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. బొమ్మ రంగు లేకుండా, తెర మీద పైకీ కిందికీ దొర్లుతూ కనిపించింది. మాట మాత్రం శుభ్రంగా వినబడింది. అది అమెరికా ఇంగ్లీషు. నాలుగేళ్ళ పిల్లకి ఒక్క ముక్క బోధపడే పని కాదు. “నాన్నా, ఏమంటున్నాడు?” అని అది అడగడం, నాకు తోచింది నేను చెప్పడం. నాకూ అందులో సగమే అర్థమయ్యేది. మిగతా సగం కల్పించేవాణ్ణి. ఆ విధంగా ఎండోర్ అడవిలో వికెట్ మా బరంపురం తెలుగు మాట్లాడాడు.

తెలియని పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్ళాలి. జార్జ్ లూకస్ అనే అమెరికా దర్శకుడు 1977లో తీసిన ‘స్టార్ వార్స్’ గురించి చాలామంది వినే ఉంటారు. దానికి మూడో భాగం ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ 1983లో వచ్చింది. అందులో ఒక దుష్ట సామ్రాజ్యాన్ని కూల్చడంలో సాయపడే అడవి జాతి ఈవాక్‌లు. వాళ్ళుండే చోటుని అన్యగ్రహం అనడం వాడుక, కానీ లెక్క ప్రకారం అది గ్రహం కాదు, ఒక పెద్ద గ్రహం చుట్టూ తిరిగే చందమామ. చందమామ నిండా ఆకాశమంత చెట్లు, చెట్ల మీద ఊళ్ళు. ఆ చెట్లు మాత్రం నిజమైనవే. ఉత్తర కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ అడవుల్లో చిత్రీకరించారు. వికెట్ వేషం వేసిన వార్విక్ డేవిస్ అప్పటికి పదకొండేళ్ళ కుర్రాడు. ఒక తమాషా ఏమిటంటే ఆ సినిమా మొత్తంలో ‘ఈవాక్’ అన్న మాట ఏ పాత్రా పలకదు. పేరు ముందుగా పిల్లలకి తెలిసింది బొమ్మల డబ్బాల మీద నుంచే.

బొమ్మల డబ్బాల ప్రసక్తి వచ్చింది కాబట్టి, బి.కాం. చదివి ముప్ఫై ఏళ్ళు బ్యాంకు లెడ్జర్లతో గడిపినవాణ్ణి, ఇక్కడ కొంచెం ఆగకుండా ఉండలేను. మొదటి సినిమా ఒప్పందంలో లూకస్ దర్శకుడి పారితోషికం ఇంకా పెంచమని పట్టుబట్టలేదు. లక్షా యాభై వేల డాలర్లతో సరిపెట్టుకున్నాడు. దానికి బదులు బొమ్మలూ చొక్కాలూ వగైరా సరుకుల హక్కు, తరువాతి భాగాలు తీసే హక్కు తన దగ్గర ఉంచుకున్నాడు. నిర్మాణ సంస్థ వాళ్ళకి అవి చిల్లర హక్కుల్లా కనిపించాయి. తీరా 1977 క్రిస్మస్ నాటికి బొమ్మలకి ఎంత గిరాకీ వచ్చిందంటే, కెన్నర్ అనే బొమ్మల కంపెనీ సరుకు తయారు చేయలేక, లోపల బొమ్మ లేని అట్టపెట్టె అమ్మింది. అందులో ఒక కాగితం ఉంటుంది, దాన్ని పంపిస్తే తరువాత నాలుగు బొమ్మలు పోస్టులో వస్తాయి. సరుకు లేకుండా రసీదు అమ్మి, అదే క్రిస్మస్ కానుకగా చెల్లించుకున్న వ్యాపారాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

మూడో సినిమా అయిపోయాక సినిమాలు ఆగాయి, బొమ్మల అమ్మకాలూ నెమ్మదించాయి. సరిగ్గా ఆ సమయానికే 1984లో అమెరికా ప్రభుత్వపు ప్రసార నియంత్రణ సంస్థ, పిల్లల కార్యక్రమాల్లో ప్రకటనల మీద ఉన్న పరిమితులు ఎత్తేసింది. బొమ్మ ముందా, కథ ముందా అని ఎవరూ అడగని కాలం వచ్చింది. 1985 సెప్టెంబరులో ఏబీసీ టీవీలో శనివారం ఉదయాల్లో ‘ఈవాక్స్’ మొదలైంది. దానికి జోడీగా రెండు రోబోల కథ ‘డ్రాయిడ్స్’ కూడా వచ్చింది. రెండూ తయారు చేసింది కెనడాలో టొరంటో నగరానికి చెందిన నెల్వానా సంస్థ. డ్రాయిడ్స్ పదమూడు భాగాలతో సరి. ఈవాక్స్ మాత్రం 1986 డిసెంబరు దాకా రెండు విడతలుగా నడిచింది.

మొదటి విడత నాకు ఇప్పటికీ నచ్చుతుంది. వికెట్, అతని స్నేహితులు టీబో, లతారా, ఊరి పెద్ద చిర్పా కూతురు నీసా కలిసి తిరుగుతుంటారు. లోగ్రే అనే ముసలి మంత్రవేత్త వాళ్ళకి గురువులాంటివాడు. బురద నేలల్లో ఉండే డ్యూలోక్‌లు పగవాళ్ళు. మోరాగ్ అనే మంత్రగత్తె ఇంకా పెద్ద పగ. మొదటి కథలో ఆమె వెలుగు చిమ్మే చిట్టి దేవకన్యల రాణిని బంధించి, అడవిని తగలబెట్టిస్తుంది. మన పేదరాశి పెద్దమ్మ కథలు విన్నవాళ్ళకి ఇందులో కొత్తగా అనిపించేది చందమామ ఒక్కటే. రెండో విడతలో కథల్ని కురచ చేసి, మరీ చిన్నపిల్లల కోసం పలచన చేశారు. మోరాగ్‌ని తీసేశారు. అది నాకు రుచించలేదు.

అసలు సంగతికి వస్తాను. మా అమ్మాయి ఇప్పుడు బెంగుళూరులో ఉంటోంది. దాని కూతురికి ఆరేళ్ళు. బడిలో ఇంగ్లీషు, కింద ఆడుకునే పిల్లలతో కన్నడం. మాతో ఫోనులో మాట్లాడితే తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. వేసవి సెలవులకి బరంపురం వచ్చినప్పుడు, ఎప్పుడో బావమరిది పంపిన రెండు డిస్కులు బయటికి తీశాను. ఒకటి 1983 సినిమా. రెండోది 2004లో విడుదలైన ఈవాక్స్ డిస్కు. పాత భాగాల్ని అతికి రెండు పెద్ద కథలుగా కుట్టారందులో. మొదటి రోజు సినిమా చూపించాను. మర్నాడు కార్టూను పెట్టాను.

పది నిమిషాలు చూసి అది నా వైపు తిరిగింది. “తాతయ్యా, నిన్న వీళ్ళు వేరేలాగ మాట్లాడారు కదా! వాళ్ళ లాంగ్వేజ్ ఏమైంది?”

క్యాసెట్టు వచ్చిన నాటి నుంచి ఇన్నేళ్ళలో నాకు తట్టని ప్రశ్న అది. నిజమే. సినిమాలో ఈవాక్‌లు ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడరు. వాళ్ళ భాషలో వాళ్ళు గలగల మాట్లాడుకుంటారు. కింద అనువాదం కూడా వేయలేదు. అరవై లక్షల భాషలు వచ్చునని చెప్పుకునే బంగారు రంగు రోబో ఒకటుంటుంది, దాన్ని వాళ్ళు దేవుడనుకుంటారు. రాత్రి పూట గుడిసెలో అందరూ చుట్టూ కూర్చోగా, ఆ రోబో జరిగిన యుద్ధమంతా వాళ్ళ భాషలోనే కథగా చెబుతుంది. చప్పుళ్ళతో సహా. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటారు. కథ అయ్యాకే ఆ జాతి వీళ్ళని తమవాళ్ళుగా చేర్చుకుంటుంది. సినిమా మొత్తంలో నాకు బాగా నచ్చిన ఘట్టం అదే, తుపాకుల గోల లేకుండా జరిగే పని కాబట్టి.

ఆ భాష ఎక్కడి నుంచి వచ్చిందో వెతికితే దొరికింది. ఆ సినిమాల శబ్దశిల్పి బెన్ బర్ట్. ఆయన కాల్మిక్ అనే భాషని ఒక డాక్యుమెంటరీలో విని, ఆ ధ్వనికి ముచ్చటపడి, ఆ భాష మాట్లాడే ఒక వృద్ధురాలిని వెతికి పట్టుకున్నాడు. ఆవిడ చేత జానపద కథలు చెప్పించి రికార్డు చేశాడు. తరువాత నటులు ఆ పలుకుబడిని అనుకరించారు. టిబెటన్ మాటలు కూడా కొన్ని కలిశాయి. సినిమా చివర విందులో ఈవాక్‌లు పాడే పాటకి ఇంగ్లీషులో మాటలు రాసింది సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ కొడుకు జోసెఫ్, వాటిని వాళ్ళ భాషలోకి మార్చింది బర్ట్. 1997లో సినిమాని మెరుగులు దిద్ది మళ్ళీ విడుదల చేసినప్పుడు ఆ పాటని తీసేసి వేరే సంగీతం పెట్టారు.

ఈ కాల్మిక్‌లు ఎవరో చదివాక ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. వాళ్ళు మంగోలు జాతివాళ్ళు, బౌద్ధులు. పదిహేడో శతాబ్దంలో వోల్గా నది దిగువకి వలస వచ్చారు. 1771లో అత్యధికులు తిరిగి తూర్పుకి బయలుదేరిపోయారు. నదికి ఇవతల ఉండిపోయినవాళ్ళే నేటి కాల్మిక్‌లు. ఆ పేరుకి ‘మిగిలిపోయినవాళ్ళు’ అని ఒక వ్యుత్పత్తి చెబుతారు. మేం బరంపురం తెలుగువాళ్ళం, 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గీత గీసినప్పుడు ఇవతల ఉండిపోయిన ఇళ్ళవాళ్ళం, ఆ మాట దగ్గర ఆగిపోవడంలో వింత లేదు. అయితే మాకు జరిగిందీ వాళ్ళకి జరిగిందీ ఒకటి కాదు. 1943 డిసెంబరులో స్టాలిన్ ప్రభుత్వం శత్రువులతో చేతులు కలిపారన్న నెపంతో మొత్తం జాతిని, తొంభై వేల మందికి పైగా, రైలు పెట్టెల్లోకి ఎక్కించి సైబీరియాకి తరిమేసింది. వేలల్లో చచ్చిపోయారు. 1957 నుంచి గానీ తిరిగి రానివ్వలేదు. అప్పటికి పిల్లలు రష్యన్‌లో పెరిగిపోయారు. యునెస్కో జాబితాలో కాల్మిక్ ఇప్పుడు కచ్చితంగా ప్రమాదంలో ఉన్న భాషల్లో ఒకటి.

యుద్ధం వల్ల యూరప్‌లో చెల్లాచెదురైన మరికొందరు కాల్మిక్‌లు 1951, 52 ప్రాంతాల్లో అమెరికా చేరారు. వాళ్ళలో చాలామంది స్థిరపడింది న్యూజెర్సీలోని హోవెల్‌లో. అక్కడ వాళ్ళ బౌద్ధాలయాలున్నాయి. ఫోను చేసి చెబితే మా బావమరిది తెల్లబోయాడు. “మా ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు బావా. ఇన్నేళ్ళుగా ఎప్పుడూ వినలేదు” అన్నాడు.

కార్టూనుకి వచ్చేసరికి ఆ భాష పోయింది. పాటల్లోనూ అక్కడక్కడా నాలుగైదు ముక్కలు మిగిలాయి, పండక్కి మాత్రమే తీసే పట్టుపంచెలాగ. తీసినవాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అనువాదం చదవలేని అయిదేళ్ళ పిల్లలకి అరగంటసేపు అర్థం కాని భాషలో కథ నడిపితే శనివారం ఉదయం ఎవరు చూస్తారు? ఆ కుర్చీలో నేను కూర్చున్నా ఆ నిర్ణయమే తీసుకునేవాణ్ణి. మా ఇంట్లో తీసుకున్నాను కూడా. మా నాన్నగారు పూర్తిగా తెలుగు మీడియం. నాది అయిదో తరగతి దాకా తెలుగు. మా అమ్మాయిని మొదటి రోజు నుంచే ఇంగ్లీషు మీడియంలో వేసి, రెండో భాషగా ఒడియా పెట్టించాను. బదిలీల ఉద్యోగం, ముందు చదువులు, అన్నీ లెక్క వేసే చేశాను. లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు. అమ్మాయికి మంచి ఉద్యోగం వచ్చింది. తెలుగు చదవడం మాత్రం రాదు. నేను రాస్తున్న ఈ వ్యాసం కూడా వాళ్ళమ్మ చదివి వినిపించాలి.

మనవరాలి ప్రశ్నకి ఆ రోజు ఇంత చెప్పలేదు. “టీవీ వాళ్ళు పిల్లలందరికీ అర్థం కావాలని మార్చేశారమ్మా” అన్నాను. అది వాళ్ళమ్మ వైపు చూసింది. మా అమ్మాయి నవ్వి, “నేను చిన్నప్పుడు చూసినప్పుడు వికెట్ తెలుగే మాట్లాడేవాడు కదా నాన్నా” అంది. పరిహాసం అనుకున్నాను. కాదు. ఆ దొర్లే బొమ్మల క్యాసెట్టు తెలుగులోనే ఉండేదని ఇన్నేళ్ళూ నిజంగా అనుకుందిట.

ఇక మనవరాలు ఊరుకుంటుందా? రిమోటు తీసుకుని ధ్వని పూర్తిగా తగ్గించేసి, నాకు ఎదురుగా మఠం వేసుకుని కూర్చుంది. ఇరవై ఎనిమిదేళ్ళ తరువాత మళ్ళీ వికెట్‌కి మాటలు అరువివ్వాల్సి వచ్చింది. మొదట తడబడ్డాను. మోరాగ్ గొంతు మా ఆవిడ పుచ్చుకుంది, ఆ పాత్ర ఆవిడకి బాగా అమరింది. డ్యూలోక్‌ల రాజుకి నేను పెట్టిన పేరు పిల్లకి నచ్చలేదు. ఆపించి, “గోర్నీష్ కాదు తాతయ్యా, గోంగూర రాజు అను” అంది. ఆ వాక్యం మొత్తం తెలుగులోనే అందని మా అమ్మాయి నాకు తరువాత వంటింట్లో చెప్పింది. నేను కథ నడపడంలో పడి గమనించనే లేదు.

దసరాకి వస్తామన్నారు. డిస్కులో రెండో కథ ఇంకా మిగిలి ఉంది.