బ్రెజిలుతో మన మైత్రి

ఇరుగుపొరుగు రాజ్యముల స్నేహమునకు సరిహద్దే కారణము. దూరదేశముల స్నేహమునకు అట్టి నిర్బంధము లేదు. పరస్పర ప్రయోజనమును, మాటయందలి నిలుకడయును మాత్రమే దానిని నిలుపవలెను. మహాసముద్రముల కావలనున్న బ్రెజిలుతో మనకుగల మైత్రి యిట్టిది.

మనకు స్వాతంత్ర్యము లభించిన మరుసటి యేటనే, 1948లో, ఉభయదేశములకు దౌత్యసంబంధము లేర్పడినవి. కాని యంతకు పూర్వమే ఆంధ్రదేశపు రాయబారి యొకటి అచ్చట నడుగిడినది. అది ఒంగోలు ఆబోతు! నెల్లూరు పేర వ్యవహరింపబడు ఆ జాతిని బ్రెజిలు రైతులు వంశక్రమము వ్రాసియుంచుకొని వృద్ధిచేసిరి. నేడు వారి పశుసంపదలో అధికభాగ మా జాతిదే. మన బీజమును మనకంటె శ్రద్ధగా కాపాడినవారిని పరాయివారని యెట్లనగలము?

2003లో బ్రెజిలు, దక్షిణాఫ్రికాలతో గూడి మనము త్రిరాజ్యకూటమిని స్థాపించితిమి. 2004 నుండి భద్రతాసమితిలో శాశ్వతస్థానమునకై జర్మనీ, జపానులతోడ మన యిరువురి కోరికయు నొక్కటియే. అయినను పరీక్షాసమయమున నీ స్నేహము తడబడకపోలేదు. 2020 అక్టోబరులో, కరోనా మహమ్మారి విజృంభించియుండగా, టీకాలపై పేటెంటు హక్కులను సడలింపుడని మనమును దక్షిణాఫ్రికాయును ప్రపంచవాణిజ్యసంస్థను గోరితిమి. త్రిరాజ్యకూటమిలో మూడవదియగు బ్రెజిలు మొదట సమ్మతింపలేదు. అయినను 2021 జనవరిలో మన దేశమునుండి ఇరువదిలక్షల మోతాదుల టీకామందు ఆ దేశమునకు చేరెను. ఆ యేటనే బ్రెజిలు తన వైఖరిని సడలించుకొనెను. సహాయము వాదముకంటె బలవత్తరమైనది గదా!

చెరకు విషయము మాత్ర మింకను చేదుగనే యున్నది. మన ప్రభుత్వము చెరకునకిచ్చు మద్దతు ధర, పంచదార యెగుమతికిచ్చు సహాయము న్యాయవిరుద్ధములని 2019లో బ్రెజిలు మరి రెండు దేశములతో గూడి ఫిర్యాదు చేసెను. 2021 డిసెంబరులో తీర్పు మనకు ప్రతికూలముగ వచ్చెను. దానిపై మనము అప్పీలు చేసితిమి. 2019 చివరనే అప్పీలు సంఘము స్తంభించియుండుటచే, దావాకు తెగుదల యెచ్చట?

ఈ తగవు న్యాయస్థానమున గాక పొలమున తీరవలసినదని మా యభిప్రాయము. చెరకునుండి యింధనమును దీయు విద్యను బ్రెజిలు 1975 నుండి పెద్దయెత్తున సాధనచేయుచున్నది. 2023 సెప్టెంబరులో ఢిల్లీయందు జీవయింధనకూటమి వెలసినపుడు ఉభయులమును అందు జేరితిమి. 2025లో మన పెట్రోలునందు నూటికి ఇరువదిపాళ్లు ఇథనాలు చేరెను. మిగులు చెరకు ఇంధనమైనచో పంచదార విపణిలో మన యిరువురి పోటీ తగ్గును. కాని చెరకు నీటిని మిక్కిలిగ త్రాగు పైరు; వారి వర్షములు మన మెట్టభూములకు లేవు. కనుక అనుకరణము చాలదు, వివేచనము కావలెను.

విందులును ఒడంబడికలును రాజధానులలో జరుగును. మైత్రి ఫలించినదా లేదా యనుట మాత్రము చెరకు రైతు లెక్కలలో తేలవలెను. ఆబోతును పంపిన దేశము విద్యను దెచ్చుకొనుటకు సంకోచింపనేల?