ఫొటోలలో ఎఱ్ఱకన్ను: దిద్దుటకు ముందు చూడవలసినది

పైరున ఆకు రంగు మాఱినయెడల తెలివిగల రైతు ఆ యాకును త్రుంచి పాఱవేసి యూరకుండడు. ఏల మాఱినదో విచారించును. స్మార్టుఫోనుతో తీసిన ఫొటోలలో కన్ను రంగు మాఱినప్పుడును అట్లే చేయవలెనని మేము మనవి చేయుచున్నాము.

ఏలూరు మొదలు తాడేపల్లిగూడెము వఱకును, కొల్లేటి లంకలలోను, స్మార్టుఫోను నేడు పెక్కు యిండ్లకు చేరినది. రాత్రివేళ పెండ్లిపందిరిలోను, చెఱువుగట్టున చేపలు పట్టునప్పుడును ఫొటోలు తీయుచున్నారు. మఱునాడు చూచినచో బిడ్డల కన్నులు నిప్పుకణికలవలె ఎఱ్ఱగా నుండును. ఇందుకు దిష్టి కారణము కాదు. ఫోను చెడుటయు కాదు.

చీకటిలో కనుపాప పెద్దదగును. ఫోనునందు ఫ్లాషుదీపము కెమేరా ప్రక్కనే యున్నది. కావున ఆ వెలుతురు కనుపాపగుండ లోనికి పోయి, నెత్తురు నాళములతో నిండిన లోపొరను తాకి, వచ్చిన దారినే మరలి కెమేరాలో పడును. ఆ నెత్తురు రంగే మనకు కానవచ్చు ఎఱుపు. ఆవు గేదెల కంటిలో అద్దమువంటి పొర వేఱుగా నుండుటచే అవి రాత్రి నీలముగనో పచ్చగనో మెఱయును. అది వాని సహజగుణము.

ఎఱుపు రాకుండుటకు దీపములు హెచ్చుగా వెలిగించి ఫ్లాషు మానుట మేలు. ఫ్లాషు తప్పనిచో కెమేరాను సూటిగా గాక, కొంచెము ప్రక్కకు చూడుమని చెప్పవలెను.

వచ్చిన ఎఱుపును తీయుట సులభము. ఐఫోనులో ఫొటోను తెఱచి 'ఎడిట్' అనుదానిని నొక్కినచో, ఫ్లాషుతో తీసిన ఫొటోకు గీత కొట్టిన కన్ను గుర్తు కానవచ్చును. దానిని నొక్కి, పిమ్మట ఎఱ్ఱనైన కనుపాపలను ఒక్కొక్కదానిని నొక్కవలెను. ఆండ్రాయిడు ఫోనులన్నిటియందును ఈ సాధనము లేదు; లేనివారు అడోబి ఫొటోషాప్ ఎక్స్‌ప్రెస్ వంటి యాప్ తెచ్చుకొనవచ్చును. ఫొటోను పెద్దదిగా చేసి నొక్కినచో గుఱి తప్పదు. అయితే నకలు తీసి ఆ నకలునే దిద్దవలెను, అసలును చెఱుపరాదు.

ఏలయనగా, రెండు కన్నులును సమముగా ఎఱ్ఱబాఱినచో భయపడ నక్కఱలేదు. కాని ఒక కన్ను ఎఱ్ఱగా నుండి, రెండవది తెల్లగనో పసుపుగనో మెఱసినచో జాగ్రత్త వహింపవలెను. చిన్నబిడ్డల కంటిలో శుక్లమున్నను అట్లు కానవచ్చును. అంతకంటె భయంకరమైనది రెటినోబ్లాస్టోమా. ఇది కంటి లోపొరయగు రెటీనాయందు పుట్టు క్యాన్సరు. 5 ఏండ్ల లోపు బిడ్డలకే హెచ్చుగా వచ్చును. మొదట నొప్పి యుండదు. పసిబిడ్డ చూపు తగ్గినదని చెప్పనేరదు. తల్లిదండ్రులకు మొదటి గుర్తు ఫొటోలోనే కనబడుట కలదు. మెల్లకన్ను పడుటయు మఱియొక గుర్తు.

ప్రక్కకు చూచునప్పుడు తీసిన ఫొటోలో ఆరోగ్యముగల కన్నును ఒక్కొక్కప్పుడు తెల్లగా మెఱయును. కావున తెల్లనిదెల్ల రోగమనుకొనరాదు. కాని రోగము కాదని యింటియొద్దనే తీర్మానించుకొనుటయు తగదు. పనులు తీఱినపిమ్మట చూతమనక, ఆ వారములోనే కంటివైద్యునకు చూపి, కనుపాపను మందుతో పెద్దది చేసి పరీక్షింప గోరవలెను. దిద్దని ఫొటోను కూడ ఆయనకు చూపవలెను. త్వరగా కనుగొన్నచో ప్రాణమును, పెక్కుసార్లు చూపును దక్కును. ఆలసించినచో కన్నునే తీసివేయవలసి వచ్చును. రోగము కంటినరము వెంట మెదడునకు ప్రాకవచ్చును.

ఈ వైద్యమునకు దూరదేశము పోనక్కఱలేదు. ఏలూరు చెంతనున్న సోమవరప్పాడున జన్మించిన చలనచిత్ర దర్శకులు ఎల్.వి. ప్రసాద్ గారి పేర హైదరాబాదులో 1987లో నేత్రవైద్య సంస్థ వెలసినది. విజయవాడ చెంత తాడిగడపలోను దాని శాఖ కలదు.

సోదరులారా! ఇంటనున్న పసిబిడ్డల ఫొటోలను నేడే యొకసారి తెఱచి చూడుడు. చదువనేరని యిరుగుపొరుగు తల్లులకు దీనిని చదివి వినిపింప ప్రార్థన.