తెల్లకొండ కింద బాపు రజా

చాళిలో పెరిగినవాళ్లకు ‘రజా’ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పని చేసినవాడికి, ఇరవై రోజులకొకటి చొప్పున జీతంతో సెలవు ఉండేది. బదిలీ మీద పని చేసినవాళ్లకు ఆ 240 రోజులు నిండడమే గగనం. నిండినా ఆ రజా మనది కాదు. ఊర్లో పెళ్లికో, చావుకో, అప్పు సర్దుకోవడానికో పోయేది. రైలు దిగి, పని చూసుకుని, మళ్లీ రైలెక్కి, భోంగా మోగేసరికి గిరణీ గేటు దగ్గర ఉండాలి.

మా బాపుకు డెబ్బై దాటింది. ఏ పనీ లేకుండా, ఊరికే చూసి రావడానికని ఆయన ఇల్లు కదిలిన రోజు ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. ఈ మార్చి ఆఖర్న మొదటిసారి కదులుతున్నాడు. పోయేది ఫ్రాన్స్ దేశంలో ఆల్ప్స్ కొండల నడుమ ఉన్న షామొనీ లోయకు. పిల్లలు అక్కడ మంచు మీద స్కీయింగ్ నేర్చుకుంటారు. ఈ ప్రయాణానికి ఆరు నెలలుగా లెక్కలు వేసుకుంటున్నాం. వాటిలో తప్పిన లెక్కలు కూడా ఉన్నాయి. మన పిల్లలు చాలామంది ఇప్పుడు బయటి దేశాల్లో ఉన్నారు, రేపో మాపో మీ ఇంటికీ ఇలాంటి పిలుపు రావచ్చు. అందుకే రాస్తున్నాను.

పిలుపు వచ్చింది

మా చెల్లె లియోన్ నగరంలో ఉద్యోగం చేస్తుంది. అక్కడి నుంచి షామొనీకి కారులో సుమారు 220 కిలోమీటర్లు. “అక్కా, ఈసారి బాపును కూడా తీసుకురా” అని ఫోన్ చేసింది. నాకు మొదట భయమే వేసింది. బాపు 1973లో కార్డింగ్ ఖాతాలో బదిలీగా చేరాడు. 1982 జనవరి 18న సమ్మె మొదలయ్యేదాకా ఆ పత్తి ధూళే పీల్చాడు. సమ్మె తర్వాత గిరణీ మళ్లీ పిలవలేదు. భివండీలో సాంచాల మీద ఇంకో ముప్పై ఏళ్లు గడిచాయి. చిన్నప్పుడు సోమవారం సోమవారం బాపు ఛాతీ పట్టుకుని దగ్గుతుంటే ఆదివారం ఏదో తినకూడనిది తిన్నాడనుకునేవాళ్లం. పత్తి ధూళి జబ్బు లక్షణమే అదని చాలా ఏళ్లకు తెలిసింది. ఒక రోజు విశ్రాంతి తర్వాత మళ్లీ ధూళిలోకి పోయిన రోజునే ఊపిరి బిగుస్తుంది. అంటే రజా తీసుకున్నందుకు కూడా శిక్షే.

అలాంటి ఛాతీని మంచు కొండలకు తీసుకుపోవడమా? బాపును అడిగితే, “నాకెందుకు బిడ్డా, పైసలు దండుగ. మీరు పోయి రాండ్రి” అన్నాడు. ఏ ఊరని మాత్రం అడిగాడు. చెప్పాను. మోంట్ బ్లాంక్ అనే కొండ కింద ఉంటుందని, ఆ మాటకు తెల్లకొండ అని అర్థమని చెప్పాను.

బాపు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “మన బొంబాయి ఇమానం పడ్డ గుట్ట గదే గదా?” అన్నాడు.

బొంబాయి నుంచి పోయినవాళ్లు

బాపు చెప్పింది నిజం. 1966 జనవరి 24న ఎయిర్ ఇండియా వారి ‘కాంచన్‌జంగా’ బోయింగ్ విమానం జెనీవాలో దిగబోతూ మోంట్ బ్లాంక్ శిఖరం దగ్గర కూలింది. 117 మంది పోయారు. అణు శాస్త్రవేత్త హోమీ భాభా వాళ్లలో ఒకరు. అప్పటికి బాపుకు పదకొండేళ్లు. చాళి కింద ఇరానీ హోటల్లో రేడియో చుట్టూ జనం నిలబడి విన్నారట.

ఆయనకు తెలియనిది నేను వెతికి చెప్పాను. అంతకు ముందు 1950 నవంబర్ 3న ‘మలబార్ ప్రిన్సెస్’ అనే విమానం కూడా అదే కొండకు తగిలింది. బొంబాయి నుంచి బయలుదేరిందే. ఉన్న 48 మందీ పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఇంగ్లాండ్‌లో ఓడ ఎక్కి పని చేయడానికి పోతున్న నావికులు. పెద్దమనుషులు కారు, మనలాగా పొట్ట చేత పట్టుకుని పోయినవాళ్లు.

ఆ మంచు ఇంకా వాళ్ల వస్తువులను బయట పెడుతూనే ఉంది. శిఖరం నుంచి బొస్సోఁ అనే హిమనది లోయలోకి మెల్లగా జారుతుంటుంది. పైన పడినవి దశాబ్దాల తర్వాత కింద తేలుతాయి. 2012లో 1966 నాటి ప్రభుత్వ ఉత్తరాల సంచి దొరికింది. 2020లో ఇందిరాగాంధీ ప్రధాని అయిన వార్త ఉన్న మన దేశపు పేపర్లు దొరికాయి.

ఇదంతా విని బాపు, “గట్లయితే నేను వస్త. ఒక దండం పెట్టుకోని వస్త” అన్నాడు. అప్పటిదాకా పిల్లల సరదాగా ఉన్న ప్రయాణం ఆ రోజు నుంచి వేరే అయింది. ఇద్దరికీ సరిపడేలా లెక్క వేయాల్సి వచ్చింది. ఎగరాలనుకునే పిల్లలు ఒకవైపు, పది మెట్లకు ఒకసారి ఆగే తాత ఒకవైపు.

ఎప్పుడు పోవాలి

మొదట ఫిబ్రవరి అనుకున్నాం. అది తప్పు లెక్క. ఫ్రాన్స్‌లో బడులకు శీతాకాలం సెలవులు అప్పుడే. గదుల అద్దె చూసి మా ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు. జనవరిలో క్రిస్మస్ రద్దీ తగ్గి ధరలు దిగుతాయి, మంచు బాగుంటుంది. కానీ చలి బాపు ఛాతీకి పనికిరాదు. మార్చి ఆఖరికి పగటి పూట ఎండ వస్తుంది, పై వాలుల్లో మంచు ఇంకా నిలిచే ఉంటుంది. మా పిల్లల పరీక్షలు కూడా అప్పటికి అయిపోతాయి. అందుకే మార్చి ఆఖరి వారం. లోయ అడుగున ఊరు ఉండేది 1,035 మీటర్ల ఎత్తులోనే కాబట్టి ఆ నెలలో వీధుల్లో మంచు ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

షామొనీ అంటే ఒక్క చోటు కాదు

ఇది తెలియక నేను రెండో తప్పు చేయబోయాను. గది దొరికితే చాలు, తలుపు తీస్తే స్కీయింగే అనుకున్నాను. లోయ పొడుగునా విడివిడి కొండలున్నాయి. బ్రెవాఁ, ఫ్లెజేర్ రెండూ ఒకదానికొకటి కలుస్తాయి. మిగతావాటికి బస్సులోనో, లోయ రైల్లోనో పోవాలి. గ్రాఁ మోంతె బాగా వచ్చినవాళ్లకు. మొదటిసారి వాళ్లకు లోయ పై కొసన ల తూర్ ఊరి దగ్గర వోర్మెన్ అనే మెత్తని వాలు ఉంది, పట్నానికి దగ్గరలో ప్లానార్ ఉంది. మేం బస్సు స్టాపుకు, రైల్వే స్టేషన్‌కు నడవగలిగే దూరంలో, వంటగది ఉన్న ఇల్లు తీసుకున్నాం. చెల్లె కారులో బియ్యం, పప్పు, చింతపండు తెస్తానంది.

అక్కడ వాలులకు రంగులుంటాయి. ఆకుపచ్చ అన్నిటికన్నా సులువు, తర్వాత నీలం, ఎరుపు, నలుపు. మా పద్నాలుగేళ్లవాడు ఏదో వీడియోలో ‘వాలె బ్లాంష్’ చూసి అదే కావాలన్నాడు. అది దాదాపు 20 కిలోమీటర్ల దిగుడు. గుర్తులు పెట్టి చదును చేసిన దారి కాదు, మంచు కింద పగుళ్లుంటాయి. అనుభవం ఉన్నవాళ్లు కూడా గైడుతోనే పోతారు. ఆ ఊరి గైడుల సంఘం 1821 నుంచి ఉంది, అంత పాతది ఊరికే పుట్టలేదు. “ముందు బ్రేకు వేయడం నేర్చుకో, తర్వాత చూద్దాం” అన్నాను. ఇద్దరు పిల్లలకూ రోజుకు సగం పూట చొప్పున ఐదు రోజుల పాఠాలు మాట్లాడాం. ఆ ఐదు రోజులకు లోయ మొత్తం తిరిగే ఖరీదైన పాసు అక్కర్లేదని, నేర్చుకునే వాలుకు సరిపడే టికెట్టు చాలని చెల్లె చెప్పింది. అక్కడే చాలా మిగిలింది.

కొనేవి, కొనకూడనివి

స్కీలు, బూట్లు, కర్రలు, హెల్మెట్ అన్నీ అక్కడ అద్దెకు దొరుకుతాయి. కొనొద్దు. కొనాల్సింది లోపల వేసుకునే వెచ్చని బట్టలు, తడవని చేతి తొడుగులు, పొడుగు మేజోళ్లు, కళ్లజోడు. మంచు మీద ఎండ రెట్టింపు కొడుతుంది కాబట్టి ముఖానికి రాసే క్రీము మరవొద్దు.

వీసాకు పెద్దవాళ్లకు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఇక్కడొక మెలిక ఉంది. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో స్కీయింగ్ ఉండదు. వాలు మీద కాలు విరిగితే కిందికి దించిన ఖర్చు కూడా మనమే కట్టాలి. బాపుకేమో పాత జబ్బు ఉందని దాచకుండా రాయించాం, ప్రీమియం పెరిగింది. పెరిగితే పెరగనీ. దాచి, తీరా అక్కడ అవసరం పడితే ఎవరు ఆదుకుంటారు?

మన దగ్గరే ఔలీ, గుల్మర్గ్ ఉన్నాయి. బయట మనవాళ్లెవరూ లేనివాళ్లకు మొదటిసారి అక్కడ నేర్చుకోవడమే మేలు. మేం పోతున్నది చెల్లె ఉంది కాబట్టి, ఆ కొండతో బాపుకు లెక్క ఉంది కాబట్టి.

బాపు ఎంత ఎత్తు దాకా?

అసలు సమస్య ఇదే. షామొనీలో అందరూ ఎక్కేది ‘ఎగ్వీ ద్యు మిది’ కేబుల్ కారు. మధ్యాహ్నపు సూది అని అర్థం. 1955లో మొదలైంది. రెండు అంచెల్లో, ఇరవై నిమిషాల్లో 3,842 మీటర్లకు చేరుస్తుంది. తెల్లకొండ ఎదురుగా కనిపించేది అక్కడి నుంచే. నేను నలుగురు పెద్దలకూ టికెట్లు లెక్క వేసి పెట్టుకున్నాను.

మా డాక్టర్ వద్దన్నాడు. అంత ఎత్తులో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రం ఒడ్డున ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. గంటలో పైకి పోతే కుర్రవాళ్లకే తల తిరుగుతుంది. “ఊర్లో ఉండనివ్వండి. మూడు నాలుగు రోజులు బాగుంటే రెండు వేల మీటర్ల లోపు చూడొచ్చు, అదీ మెల్లగా” అన్నాడు.

ఇది బాపుకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు ఊరుకున్నాను. ఇంత దూరం తీసుకుపోయి, మీరు కింద కూర్చోండి అని అనడమేనా? చివరికి పటం పరిచి చెప్పాను. బొస్సోఁ హిమనది లోయలోంచే కనిపిస్తుంది, ఏమీ ఎక్కనక్కర్లేదు. అదే పేరు గల ఊరు దాని కిందే ఉంది, బస్సు దిగి తల ఎత్తితే చాలు. నాలుగో రోజు ఊపిరి బాగుంటే మోంతాన్వేర్ పళ్ల చక్రాల రైలు ఉంది. వందేళ్లు దాటిన రైలు, 1,913 మీటర్ల దాకా పోతుంది. అక్కడ ‘మంచు సముద్రం’ అనే పెద్ద హిమనది కరిగిపోతూ ఎంత కిందికి దిగిపోయిందో కళ్లారా చూడొచ్చు. ఆ సూది మీదికి మాత్రం పిల్లలు, మా ఆయన పోతారు. నేను బాపు దగ్గర ఉంటాను.

బాపు పటం మీద వేలు పెట్టి బొస్సోఁ దగ్గర ఆపాడు. “నాకు గింత చాలు బిడ్డా. వాళ్లు పైకి పోయి పడ్డరు, నేను కింద నిలబడి మొక్కుత. కొబ్బరికాయ మాత్రం ఇక్కడ్నే, పోయే ముందు వర్లీ సముద్రం కాడ కొడత. ఓడలోళ్లు గదా వాళ్లు” అన్నాడు.

చివరగా ఒక మాట

ఫ్రాన్స్‌లో కూలినాలి చేసేవాళ్లకు జీతంతో సెలవు ఊరికే రాలేదు. 1936లో ఫ్యాక్టరీల్లో పెద్ద సమ్మెలు జరిగాక, ఏడాదికి రెండు వారాల సెలవు చట్టమైంది. ఈ సంగతి చెప్పినప్పుడు బాపు నవ్వి, “వాళ్ల సమ్మె గెలిచింది” అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే అందరూ బాపులాగే “నాకెందుకు” అంటారు. ఆ మాట విని అక్కడితో ఆగిపోవద్దు. మొదట డాక్టర్‌ను అడగండి, తర్వాత వాళ్లు ఏం చూడాలనుకుంటున్నారో వాళ్లనే అడగండి. పటం మీద వాళ్ల ఊపిరికి అందే చోటు ఒకటి తప్పక దొరుకుతుంది. దాని చుట్టూ మిగతా ప్రయాణం అల్లుకోండి. పిల్లల సరదాకు ఏమీ తక్కువ కాదు.

వీసాలు చేతికి వచ్చాయి. బాపుకు ఉన్ని టోపీ కొన్నాం. ఇంట్లో కూడా పెట్టుకుని కూర్చుంటున్నాడు, ముంబై ఎండలో. తిరిగి వచ్చాక మిగతాది రాస్తాను.