112 రోజుల తర్వాత తిరిగొచ్చిన కణాలు

బుగ్గల మీద ఎర్రటి దద్దు, పొద్దున లేవగానే బిగుసుకుపోయే వేళ్లు, తెలియకుండానే దెబ్బతినే మూత్రపిండాలు. లూపస్ ఇలా ఉంటుంది. ఈ జబ్బున్న 10 మందిలో దాదాపు 9 మంది ఆడవాళ్లే. పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం వాళ్లు రాయవేలూరుకో, తిరుపతికో, బెంగళూరుకో వెళ్లి చూపించుకుంటారు. ఏళ్ల తరబడి మాత్రలు మింగుతారు. ఒంటిని కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థే కంచె చేను మేసినట్టు ఒంటి మీద పడుతుంది. మాత్రలు దాని జోరు తగ్గిస్తాయి. కొత్తగా వస్తున్న జన్యు చికిత్స మాత్రం నేరుగా జబ్బు మూలం మీదికే వెళ్తోంది.

కేజీకి 10 లక్షల కణాలు

రోగి రక్తాన్ని గొట్టం ద్వారా యంత్రంలోకి పంపి, టీ కణాలను వేరుచేసి, మిగతా రక్తాన్ని తిరిగి ఒంట్లోకి ఎక్కిస్తారు. ల్యాబ్‌లో ఆ టీ కణాల్లోకి ఒక కొత్త జన్యువును చొప్పిస్తారు. దాంతో అవి సీడీ19 అనే గుర్తున్న బీ కణాలను వెతికి చంపుతాయి. ఒంటికే ఎదురుతిరిగే యాంటీబాడీలకు పుట్టిల్లు ఆ బీ కణాలే. జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు ఒక్కో కేజీ బరువుకు 10 లక్షల కణాల చొప్పున ఎక్కించారు. అంటే 50 కేజీల మనిషికి 5 కోట్లు.

15కి 15 మంది

ఎర్లాంగెన్‌లోని గేఆర్గ్ షెట్ బృందం 2021లో 20 ఏళ్ల యువతికి చేసిన చికిత్స వివరాలు వెల్లడించింది. 2024లో 15 మంది ఫలితాలు ప్రచురించింది: లూపస్ 8, కండరాల వాపు జబ్బు 3, చర్మం గట్టిపడే సిస్టమిక్ స్క్లెరోసిస్ 4. లూపస్ ఉన్న 8 మందిలోనూ జబ్బు పూర్తిగా సద్దుమణిగింది. 15 మందీ రోగనిరోధక శక్తిని అణిచే మందులు మానేశారు.

అసలు విశేషం మరో అంకెలో ఉంది. సగటున 112 రోజులకు బీ కణాలు మళ్లీ పుట్టాయి. అయినా లూపస్ తిరగబెట్టలేదు, ఎందుకంటే వచ్చినవి ఒంటిని శత్రువుగా చూడడం నేర్వని కొత్త కణాలు.

నష్టాలూ ఉన్నాయి. 15 మందిలో ఎక్కువమందికి జ్వరం వచ్చింది, ఒకరు న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరారు. కణాలు ఎక్కించడానికి ముందు ఇచ్చే కీమో మందు సైక్లోఫాస్ఫమైడ్ అండాశయాలను దెబ్బతీయవచ్చు. పిల్లలు కావాలనుకునే వయసువాళ్లు ఈ సంగతి ముందే మాట్లాడుకోవాలి.

కోట్ల నుంచి లక్షలకు

ఈ పద్ధతి మన దేశానికి కొత్తేమీ కాదు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కృషితో ఇమ్యునోయాక్ట్ కంపెనీ ఇదే పద్ధతిలో తయారుచేసిన నెక్స్‌కార్19 చికిత్సకు 2023 అక్టోబరులో రక్త క్యాన్సర్ల కోసం అనుమతి దొరికింది. హైదరాబాద్‌కు చెందిన లారస్ ల్యాబ్స్ 2021లోనే ఆ కంపెనీలో వాటా కొంది. విదేశాల్లో 3, 4 కోట్లయ్యే చికిత్స ఇక్కడ 50 లక్షల లోపే.

రాయవేలూరు సీఎంసీ ఆస్పత్రి వైద్యులు మరో జబ్బుపై, అంటే రక్తం గడ్డకట్టని హీమోఫీలియాపై, 5 మందికి జన్యు చికిత్స చేసి 2024లో ఫలితాలు ప్రకటించారు. ఆ తర్వాత ఒక్కరికీ రక్తస్రావం కాలేదు. ఈ నేర్పు మనకు ఇంత దగ్గర్లో ఉన్నప్పుడు లూపస్ మీదా పెద్ద పరీక్షలు జరగాలి, ధర సామాన్యుడికి అందాలి.

అంతవరకు లూపస్‌కు వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు సొంతంగా ఆపకండి. డబ్బు కడితే లూపస్‌కు జన్యు చికిత్స చేస్తామని ఎవరైనా అంటే, ముందు సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు నంబరు అడగండి. చెప్పకపోతే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.